కదలని మూర్ఛ

"ఈ నూనెతో నాలుగు దీపాలు పెట్టుకోవచ్చు పిన్నిగారూ," అంది తీగలు అంటించే ఆవిడ, బుజ్జిగాడి నెత్తిని తడిదూదితో రుద్దుతూ. "జిడ్డు వదిలితేగానీ ఒక్క బిళ్ళ నిలవదు."

"మాడు చల్లగా ఉంటుందని రోజూ పెడతానమ్మా," అంది అమ్మమ్మ, తప్పు చేసినదానిలా.

"పెట్టండి, పెట్టండి. నామీద కోపం వచ్చిన రోజు ఇంకాస్త ఎక్కువ పెట్టండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చుంటాను."

పిల్లల వార్డులో అందరూ ఆవిడని జడలక్క అంటారు. పసిపిల్లల తలల మీద చిన్న చిన్న లోహపు బిళ్ళలు జిగురుముద్దతో అంటించడం ఆవిడ పని. ఒక్కో బిళ్ళకీ ఒక్కో రంగు తీగ. అన్నీ అంటించి తలకి గుడ్డ చుట్టాక, తీగలన్నిటినీ మెడ వెనక్కి తెచ్చి మూడు పాయలు చేసి జడలా అల్లేస్తుంది. అలా అల్లితే మంచం చువ్వలకి చిక్కుకోవు. జడ కొస చక్రాల బండి మీద ఉన్న మెషిన్లోకి పోతుంది. పిల్లవాడి మెదడులో నడిచే కరెంటు ఆ మెషిన్ తెర మీద గీతలు గీతలుగా కనిపిస్తుంది.

"ఎలా పడ్డాడు పిన్నిగారూ?" అని అడిగింది జడలక్క, చేతిపని ఆపకుండానే.

"మంచం మీంచి."

"మీరు చూశారా?"

"చూశాను."

ఆ మాట నిన్నటి నుంచి అమ్మమ్మ ముగ్గురికి చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు నోరు ఎండిపోయింది. ఇప్పుడు నాలుక దానంతటదే తిరిగింది.

బుజ్జిగాడికి అయిదో నెల నడుస్తోంది. నిన్న ఎమర్జెన్సీ గదిలోకి తెచ్చేసరికి వాడి ఒళ్ళు తోటకూర కాడలా వాలిపోయి ఉంది. అక్కడ డాక్టర్ల ముందే కుడిచెయ్యీ కాలూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అన్నారు, మందు ఎక్కించారు. స్కానింగ్ తీసి, పుర్రె లోపల పల్చగా రక్తం చేరిందన్నారు. అప్పటి నుంచి వాడు కళ్ళు తెరవలేదు. నిద్రపోతున్నాడు.

నిద్ర అనుకుంటే అమ్మమ్మకి కాస్త ఊపిరి ఆడుతోంది. పుట్టిన దగ్గర్నుంచి వాడింత హాయిగా పడుకున్నది లేదు. పొద్దున్న నేల తుడిచే మనిషి బకెట్టు ఠంగుమని పెడితే, "మెల్లిగా నాయనా, పిల్లాడు లేస్తాడు" అని బతిమాలుకుంది. నర్సు చెప్పుల చప్పుడు కూడా ఆవిడకి ఎక్కువగానే అనిపించింది. దుప్పటి గడ్డం దాకా లాగి, "చూడవే చిట్టీ, ఎంత హాయిగా పడుకున్నాడో" అని కూతురికి చూపించింది. చిట్టి చూసింది.

నిజానికి అమ్మమ్మ చూసింది ఏమీ లేదు. విన్నది మాత్రం ఉంది.

చిట్టి కానుపుకని వచ్చి, పిల్లాడి ఏడుపు చూసి ఉండిపోయిన మనిషి ఆవిడ. అల్లుడు లారీ డ్రైవరు. దూరపు లోడు ఎత్తుకుంటే మళ్ళీ ఎప్పుడు ఇల్లు చేరతాడో అతనికే తెలియదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పిల్లాడు సాయంత్రం రాగం ఎత్తుకుంటే పై ఇంటివాళ్ళు నేలని కర్రతో కొట్టేవాళ్ళు, కింది ఇంటావిడ మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకునేది. కడుపు నిండినా ఏడుపే, ఒళ్ళు ఆరినా ఏడుపే. డాక్టరుకి చూపిస్తే కొందరు పిల్లలంతే, నాలుగు నెలలు దాటితే తగ్గుతుందన్నాడు. దాటాయి. తగ్గలేదు. చిట్టికి కంటి మీద కునుకు లేక ముఖం పీక్కుపోయింది. తల దువ్వుకోవడం మానేసింది. అన్నం కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయేది.

నిన్న పొద్దున్న అమ్మమ్మ స్నానం చేసి, తలుపు చేరవేసుకుని, దేవుడి ముందు కూర్చుంది. పక్క గదిలో ఏడుపు ఇల్లెగిరిపోయేలా ఉంది. స్వామీ, వాడి ఏడుపు ఆపు తండ్రీ, నా పిల్లకి ఒక్క గడియ విశ్రాంతి ఇయ్యి అని మొక్కుకుంది. ఏడుపు ఆగిపోయింది. కత్తెర వేసినట్టు ఆగిపోయింది. అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే చేతులు జోడించింది. లేస్తే చప్పుడవుతుందని ఇంకాసేపు అలాగే కూర్చుంది కూడా.

తలుపు తీసి వెళ్ళేసరికి చిట్టి గోడకి చేరగిలబడి నేల మీద ఉంది. పిల్లాడు ఒళ్ళో ఉన్నాడు, తల ఒక పక్కకి ఒరిగిపోయి.

"ఊపానమ్మా," అంది చిట్టి. "ఊరుకో, ఊరుకో అంటూ ఊపాను. గట్టిగా. తల అటూ ఇటూ పోతోంది, కనబడుతూనే ఉంది. నా చేతులు ఆగలేదు."

పక్కింటాయన కారులో ఆస్పత్రికి వస్తూంటే, "మంచం మీంచి పడ్డాడని చెప్తాను" అని చిట్టి గొణిగింది. అమ్మమ్మ ఔననలేదు, కాదనలేదు. కానీ ఎమర్జెన్సీలో నర్సు అడిగినప్పుడు చిట్టి గొంతు వణికింది. ఆ వణుకుకి నర్సు తల ఎత్తి చూసింది. అప్పుడు అమ్మమ్మే ముందుకొచ్చి, "నేనక్కడే ఉన్నానమ్మా, నా కళ్ళ ముందే పడ్డాడు" అంది. జన్మలో అబద్ధమాడి ఎరగనని చెప్పుకునే మనిషి కాదు ఆవిడ. చుట్టాలతో ఆడే చిన్నా చితకా అబద్ధాలు ఆవిడా ఆడింది. ఇంత పెద్దది మాత్రం ఇదే మొదలు.

జడలక్క అల్లిక ముగించి, మెషిన్ పెట్టి, తెర తిప్పింది. గీతలు ఎండలో ఆరేసిన దారాల్లా వదులుగా ఊగుతున్నాయి.

"బాగుందా అమ్మా?"

"నేను తీగలు పెట్టేదాన్ని పిన్నిగారూ, చదివేది డాక్టరమ్మ. నన్నడిగితే అన్నీ బాగున్నాయనే చెప్తాను. అందుకే నన్నెవరూ అడగరు."

డాక్టరమ్మ వచ్చి చూసేదాకా బయట కూర్చోమన్నారు. బయట బెంచీ మీద ఒక మేస్త్రీ ఉన్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు ఉంది. ఎదుటి గదిలో అతని కూతురు మెదడువాపు జ్వరంతో పడి ఉంది. నిన్న సాయంత్రం అమ్మమ్మ చలికి ముడుచుకుంటే తన కండువా తీసి ఇచ్చినవాడు అతనే.

"లేచాడా అక్కా మనవడు?"

"లేదు నాయనా. మీ అమ్మాయి?"

"అది పెద్ద వాగుడుకాయ అక్కా. నిద్రలో కూడా మాట్లాడుద్ది. నేను గోడ కడుతుంటే పక్కన కూర్చుని, నాన్నా ఆ ఇటుక నచ్చలేదు, తీసెయ్ అనేది. అలాంటిది నోరు విప్పట్లేదు." అతను అరచేతులు చూసుకున్నాడు. "గోడ వంకరో కాదో దారానికి గుండు కట్టి వేలాడదీస్తే తెలిసిపోద్ది. తలలో ఏముందో తెలియాలంటే ఆ మెషినే గుండంట. వార్డుకంతా ఒకటే ఉందంట, రెండోది రిపేరుకి పోయిందంట. మీవాడిది అయిపోగానే మా దగ్గరికి తెస్తామన్నారు. మా పిల్లకి ఫిట్స్ వస్తన్నాయో లేదో తేల్చాలంట."

"తెస్తారులే," అంది అమ్మమ్మ. "మావాడికి నయంగానే ఉంది."

డాక్టరమ్మ వయసులో చిట్టికంటే పెద్దేమీ కాదు. కళ్ళ కింద నల్లగా ఉంది. తెర మీద గీతల్ని వెనక్కీ ముందుకీ జరిపి చూసి, అమ్మమ్మని లోపలికి పిలిచి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అరగంట సేపు చూశామమ్మా. ఈ అరగంటలో ఫిట్స్ ఏమీ కనబడలేదు. పడి దెబ్బ తగిలిన పిల్లలకి మామూలుగా ఇంత చాలు. మెషిన్ ఎదుటి గదిలో పాపకి కావాలి."

"మంచిదమ్మా. తీసుకెళ్ళండి."

డాక్టరమ్మ లేవలేదు. "మీ మంచం ఎంత ఎత్తు?"

"మోకాలెత్తు ఉంటుంది."

"మోకాలెత్తు నుంచి పడి తలలో ఇలా రక్తం చేరడం నాకు నచ్చడం లేదు. జరగదని కాదు, అరుదుగా జరుగుతుంది. కంటి డాక్టరు కంటి లోపలి పొర చూస్తే కొంత తెలిసేది, ఆయన రేపుగానీ రాడు. మీరు కళ్ళారా చూశానన్నారు కాబట్టి ఆ మాట మీదే నడుస్తున్నాను."

అమ్మమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వేరేలా అయితే ఏమవుతుందమ్మా? ఊరికే అడుగుతున్నా."

"ఎవరైనా పిల్లాణ్ణి పట్టుకుని ఊపేసినా, విసిరేసినా, ఆ దెబ్బ వేరు. మెదడంతా కదిలిపోతుంది. అలాంటి పిల్లలకి ఫిట్స్ పైకి తెలియకుండా వస్తాయి. చెయ్యి కొట్టుకోదు, కన్ను అదరదు. చూసేవాళ్ళకి నిద్రపోతున్నట్టే ఉంటుంది. లోపల మెదడు దెబ్బ మీద దెబ్బ తింటూ ఉంటుంది. ఒక అరగంట చూసి లేవనుకుంటే ఆ తర్వాత మొదలవచ్చు. వాళ్ళకి ఒకటి రెండు రోజులు తీగలు తియ్యకూడదు." ఆవిడ ఎదుటి గది వైపు చూసింది. "ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అవసరమో నేను తేల్చాలి. నా అనుమానం ఒక్కదాన్నే పట్టుకుని ఆ పాపకి లేకుండా చెయ్యలేను. భోజనాల వేళ దాటాక మెషిన్ మారుస్తారు. ఈలోగా మీకేమైనా గుర్తొస్తే చెప్పండి."

గుర్తొస్తే, అని మెత్తగానే అంది. అమ్మమ్మకి తల కొట్టేసినట్టయింది.

చిట్టి వార్డు చివర, చేతులు కడుక్కునే తొట్టె పక్కన గోడవైపు తిరిగి సీసాలోకి పాలు పిండుతోంది. అమ్మమ్మ వెళ్ళి అడ్డంగా నిలబడింది, వచ్చేపోయేవాళ్ళకి కనబడకుండా.

"ఎన్ని వచ్చాయే?"

"తాగేవాడు లేకపోతే బాగానే వస్తాయి."

"డాక్టరమ్మ మెషిన్ తీసేస్తానంటోంది."

"అంటే నయమనేగా."

"చిట్టీ..."

"నువ్వేం అనబోతున్నావో నాకు తెలుసు. అనకు."

"ఊపినవాళ్ళకి ఫిట్స్ కనబడకుండా వస్తాయట. నిద్రపోయినట్టే ఉంటుందట."

"నిద్రపోతున్నాడు. పొద్దున్న నువ్వే కదా చూపించావ్, ఎంత హాయిగా పడుకున్నాడో చూడవే అని."

"అన్నాను."

"మరి?" చిట్టి సీసా మూత పెట్టబోయింది. మూత జారి తొట్టెలో పడింది. తియ్యలేదు. "చెప్తే వాణ్ణి నాకివ్వరమ్మా. నన్నెక్కడికో తీసుకుపోతారు. ఆయనకేం చెప్తావ్? నీ పెళ్ళాం ఇలాంటిదని చెప్తావా? నేను దుర్మార్గురాలినా?"

"కాదు తల్లీ."

"మరి ఆ చేతులు ఎవరివి?"

అమ్మమ్మ మూత తీసి, కడిగి, సీసాకి బిగించి ఇచ్చింది. చిట్టి చిన్నప్పుడు కూడా అంతే, ఏదైనా పగలగొట్టుకుని వస్తే ఈవిడే అతికించేది. ఆ రోజు సీసా మూత తప్ప ఆవిడ బిగించగలిగింది ఏమీ లేదు.

తిరిగి వచ్చి మనవడి పక్కన కూర్చుంది. వాడి పెదవులు కొద్దిగా విడి ఉన్నాయి. ఊపిరి సమంగా ఉంది. బుగ్గ మీద వేలు పెట్టింది. వెచ్చగా ఉంది. ఒక్క గుర్తు చూపించు స్వామీ, అనుకుంది. వీడి చిటికెనవేలు కదిలించు చాలు, లేచి చెప్పేస్తాను. వేలు వైపు రెప్ప వెయ్యకుండా చూసింది. కదల్లేదు. కదల్లేదంటే ఏమీ లేదని చెప్పినట్టా, లేక నీ పని నువ్వు చెయ్యమని ఊరుకున్నట్టా? ఇలాంటివి ఆయన్ని అడగకూడదేమో. అడగకుండా ఉండటమూ చేతకాలేదు. నిన్న ఏడుపు ఆగినప్పుడు తాను పెట్టిన దండం ఆయన ఏం చేసుకుని ఉంటాడు? పిల్లవాడి తల వాలిపోయిన క్షణంలో ఈ ముసలిది చేతులు జోడించి కృతజ్ఞత చెప్పుకుంటే, పైన ఉన్నవాడికి ఎలా ఉండి ఉంటుంది? ఆ ఆలోచన వచ్చేసరికి ఆవిడకి భయం వేసింది. దేవుణ్ణి తలుచుకుని భయపడటం ఆవిడకి కొత్త.

భోజనాల బళ్ళు వచ్చి పోయాయి. జడలక్క వచ్చింది.

"ఇక జడ విప్పుదామా బుజ్జిబాబూ. నీకంటే ఆ పిల్లకి అందంగా ఉంటుంది."

"అమ్మా," అంది అమ్మమ్మ, "చూస్తే తెలియదా? ఫిట్స్ లోపల ఉంటే, ముఖం చూస్తే తెలియదా?"

జడలక్క నవ్వు ఆపింది. "తెలీదు పిన్నిగారూ. ఇన్నేళ్ళుగా ఈ తలలే చూస్తున్నాను. తెర అటు తిప్పేస్తే నాకూ తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు. కన్నతల్లికి కూడా తెలీదు."

గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు, బండి తొయ్యడానికి సాయం చేద్దామని చొక్కా చేతులు మడుచుకుని. జడలక్క జడ కొస పట్టుకుని మొదటి పాయ విప్పింది. రెండో పాయ విప్పబోతుంటే అమ్మమ్మ ఆ చేతి మీద చెయ్యి వేసింది.

"విప్పకు."

"అదేంటి పిన్నిగారూ?"

"డాక్టరమ్మని పిలు తల్లీ. వాడు పడలేదు."

డాక్టరమ్మ రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవిడ వచ్చాక అమ్మమ్మ కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"నేను చూడలేదమ్మా. చూశానన్నది అబద్ధం. నేను పక్క గదిలో ఉన్నాను. పిల్లాణ్ణి ఊపారు. గట్టిగా ఊపితే ఏడుపు ఆగిపోయింది. అప్పటి నుంచే ఇలా ఉన్నాడు."

"ఎవరు ఊపారు?"

"నా నోటితో చెప్పించకమ్మా."

"నేనే," అంది చిట్టి వెనక నుంచి. పాలసీసా రెండు చేతులతో పట్టుకుని ఉంది. తల్లి వైపు చూడలేదు. "ఆవిణ్ణి అడక్కండి. నేనే ఊపాను."

డాక్టరమ్మ అరవలేదు, ఛీ అనలేదు. ఎప్పుడు, ఎంతసేపు, తల దేనికైనా తగిలిందా, తర్వాత పాలు తాగాడా, వాంతి అయిందా అని వరసగా అడిగింది. చిట్టి వరసగా చెప్పింది. అన్నీ విన్నాక, "మెషిన్ ఇక్కడే ఉంటుంది" అని జడలక్కతో అని, చిట్టి వైపు తిరిగింది. "ఇది నేను దాచడానికి లేదమ్మా. పిల్లల సంక్షేమం ఆఫీసుకి చెప్పాలి. వాళ్ళొస్తారు."

"రానివ్వండి," అంది చిట్టి.

మేస్త్రీ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. మడుచుకున్న చొక్కా చేతులు మెల్లిగా కిందికి దించుకున్నాడు. "మరి మా పిల్లకండీ?"

"పక్క ఆస్పత్రిని అడుగుతున్నాను. మెషిన్ దొరికేదాకా ముందు జాగ్రత్తగా మందు మొదలుపెడతాను," అంది డాక్టరమ్మ. ఆ జవాబు ఆవిడకే చాలినట్టు లేదు.

"సరేనక్కా," అన్నాడు మేస్త్రీ. డాక్టరమ్మతో కాదు, అమ్మమ్మతో. అది ఎలా అన్నాడో ఆవిడకి అర్థం కాలేదు. కండువా తిరిగిచ్చేద్దామని మడిచి చేతిలో పట్టుకుంది. ఇవ్వడానికి ముఖం చెల్లలేదు.

కిటికీలో ఎండ మంచం కాళ్ళ దాకా జరిగిన వేళ, జడలక్క కుర్చీలో ముందుకి వంగింది. తెర మూల రెండు గీతలు కరుకుదేలాయి. వదులుగా ఊగే దారాలకి పళ్ళు మొలిచినట్టు. ఆ పళ్ళు దగ్గర దగ్గరగా, ఎత్తుగా లేచి, పక్క గీతకి అంటుకున్నాయి, దాని పక్క గీతకి పాకాయి. తెర సగం రంపపు పళ్ళయిపోయింది.

"నర్సమ్మా, డాక్టరమ్మని పిలవండి," అంది జడలక్క. గొంతులో వేళాకోళం లేదు.

"వస్తోందా?" అంది అమ్మమ్మ.

"వచ్చింది పిన్నిగారూ. ఇదిగో, ఇప్పుడే నడుస్తోంది."

అమ్మమ్మ తెర చూసింది, పిల్లాణ్ణి చూసింది. వాడి ముఖం పొద్దుటి ముఖమే. పెదవులు అలాగే విడి ఉన్నాయి. వేళ్ళు అలాగే ముడుచుకుని ఉన్నాయి. ఊపిరి సమంగా ఉంది. లోపల ఇల్లు తగలబడుతుంటే గుమ్మానికి కట్టిన తెర కూడా కదలనట్టు ఉన్నాడు. కాసేపటికి పళ్ళు అరిగిపోయి, గీతలు చప్పగా చదునైపోయాయి. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ మొదలయ్యాయి. మందు ఎక్కించారు. మళ్ళీ వచ్చాయి. ఇంకో మందు కలిపారు.

"నిన్నటి నుంచి వస్తూనే ఉన్నాయా?" అని అడిగింది అమ్మమ్మ.

"తెలీదమ్మా," అంది డాక్టరమ్మ. "అరగంటలో లేవు. మిగతా అంతా ఎవరు చూశారు?"

నేను చూశాను, అనబోయింది అమ్మమ్మ. నిన్నటి నుంచి కన్నార్పకుండా చూసింది ఆవిడే. దుప్పటి కప్పింది, బకెట్టు చప్పుడు ఆపించింది, ముద్దుపెట్టుకుంది. వాడు లోపల కొట్టుకుపోతుంటే నిద్రకి కాపలా కాసింది. ఆవిడ కూర్చుండిపోయింది. చిట్టి మంచానికి అవతలి పక్క నిలబడి తెరనే చూస్తోంది. ఒక్కో పన్ను లేచినప్పుడల్లా చిట్టి భుజం అదిరింది. పిల్లాడిలో కనబడని కదలిక తల్లి ఒంట్లో కనబడింది.

సాయంత్రానికి పళ్ళు అరుదయ్యాయి. "తగ్గుతున్నాయి," అంది డాక్టరమ్మ. "తీగలు రెండు రోజులు ఉంచుతాను. చూపు, నడక, మాట, వీటిలో ఏది ఎంత మిగులుతుందో ఇప్పుడు అడగకండి. నాకు తెలీదు. మీరు చెప్పకపోయి ఉంటే మిగిలేది ఇంకా తక్కువ. అంతవరకు చెప్పగలను."

పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ఒక పెద్దామె వచ్చింది. బాగా నడిచి నడిచి అరిగిన చెప్పులు. చిట్టితో ఒక మూల కూర్చుని చాలాసేపు తక్కువ గొంతుతో మాట్లాడింది. లేచి వచ్చి, "అమ్మాయి నాతో రావాలమ్మా" అంది.

"ఎప్పుడు పంపిస్తారు?"

"అది నా చేతిలో లేదు. డాక్టర్లు అమ్మాయిని కూడా చూస్తారు. నిద్ర లేక, మనసు బాగోక ఉందని రాశాను. తర్వాత పై అధికారులు తేలుస్తారు."

"పిల్లాడి దగ్గర నేనుంటానులెండి."

పెద్దామె కాస్త ఆగింది. "మీరొక్కరే ఉండటానికి వీల్లేదమ్మా. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. మొదట చూశానని చెప్పింది మీరే కదా."

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. అమ్మమ్మ తలూపింది. అది న్యాయమే అనిపించింది. న్యాయం అనిపించడం వేరు, మింగుడుపడటం వేరు. నిజం చెప్పాను కదా స్వామీ, అనుకుంది. చెప్పినందుకు ఇది జీతమా, లేక చెప్పడం ఆలస్యం చేసినందుకా? రెండూ ఒకే చేత్తో ఇస్తాడేమో ఆయన.

అల్లుడు ఆ వేళకి చేరాడు. చొక్కా నిండా రోడ్డు దుమ్ము. చిట్టి ఫోనులో అంతా చెప్పేసినట్టుంది, ఎవర్నీ ఏమీ అడగలేదు. "అత్తయ్యగారూ," అని మాత్రం అని, మంచం దగ్గర నిలబడ్డాడు. గుడ్డ చుట్టిన తలనీ, దాని కింద నుంచి దిగిన రంగుల జడనీ చూశాడు. చెయ్యి చాపి, ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు.

"లోడు దింపావా?" అంది చిట్టి.

"దారిలో ఇంకో డ్రైవరుకి అప్పజెప్పి వచ్చాను."

"తిన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అతను ఒక్కసారి ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె వాటిని దాచుకోలేదు.

"నువ్వు వీణ్ణి సరిగ్గా ఎత్తుకున్నది ఎప్పుడూ లేదు," అంది చిట్టి. "వచ్చినప్పుడల్లా నిద్రపోతున్నాడనో, నీ చేతులు గరుకనో. ఇప్పుడు నువ్వే ఎత్తుకోవాలి."

"నాకు రాదు."

"అందుకే చెప్తున్నా."

పిల్లాణ్ణి ఎత్తడానికి లేదు. మంచం కింది అరలో వార్డు దుప్పటి ఒకటి ఉంది. చిట్టి దాన్ని మడిచి, చుట్టి, ఒక చివర కాస్త లావుగా గుండ్రంగా చేసి భర్త చేతుల్లో పెట్టింది. పెద్దామె గుమ్మం దగ్గర సంచీ భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. తొందర పెట్టలేదు. జడలక్క తెర వైపే చూస్తూ కూర్చుంది.

"అలా కాదు. అది సిమెంటు బస్తా కాదు. కుడిచెయ్యి నడుం కింద. ఎడమచెయ్యి ఇక్కడ, మెడ కింద."

అతను చెయ్యి జరిపాడు.

"వేళ్ళు విప్పు. తల మొత్తం అరచేతిలో ఉండాలి. నువ్వు కూర్చున్నా, లేచినా, తిరిగినా ఆ చెయ్యి తియ్యకు. ఎవరైనా పిలిస్తే తియ్యకు. ఏడిస్తే మంచం మీద పెట్టేసి బయటికి పో. తలుపు వేసుకో. ఏడవనీ. కానీ ఎత్తుకున్నంతసేపు మెడ కింద చెయ్యి ఉండాలి."

"సరే."

"తీసి మళ్ళీ పట్టుకో."

అతను దుప్పటిని మంచం అంచున పెట్టి మళ్ళీ ఎత్తాడు. గుండ్రటి చివర కొద్దిగా వెనక్కి వాలింది. చిట్టి గబుక్కున చెయ్యి చాపి పట్టుకోబోయి, సగంలో ఆపుకుంది. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

అమ్మమ్మ లేచి రెండడుగులు వేసింది. పెద్దామె ఆవిణ్ణి చూసింది, ఆపలేదు. అమ్మమ్మ అల్లుడి మోచెయ్యి కింద చెయ్యి వేసి, కాస్త పైకి లేపింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది చిట్టి. "ఇంకొక్కసారి చెయ్యి."